తట్టకు జెండా రంగెందుకు?

తోటికోడలు కాచిన పులుసు ఎంత కమ్మగా ఉన్నా "ఉప్పు ఒక్క పిసరు చూసుకోవాల్సింది" అనకుండా ముద్ద మింగని మనిషి ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. అదే పులుసుకి రేపు తన చేత్తో ఇంత ఇంగువ పోపు పెట్టి గిన్నె మార్చిందనుకోండి, ఇక అంత రుచి ఊళ్ళోనే లేదంటుంది! ఇది మన వంటిళ్ళకే పట్టిన జబ్బని చాలా కాలం అనుకునేదాన్ని. కాదు, ఢిల్లీలో పార్లమెంటుకి కూడా పట్టిందని ఉపాధి హామీ చట్టం చరిత్ర చూస్తే తెలుస్తుంది.

"ఉపాధి హామీయా? అది పల్లెటూరి కూలీల గొడవ, లేదంటే మగవాళ్ళు పేపరు పట్టుకుని వాదించుకునే రాజకీయం, మనకెందుకూ?" అని పేజీ తిప్పేయకండి. దేశం మొత్తం మీద ఈ చట్టం కింద జరిగిన పనిదినాల్లో సగానికి పైగా చేసింది ఆడవాళ్ళు. మన రాష్ట్రంలోనూ అంతే. మట్టి తవ్విన చేతుల్లో, తట్ట ఎత్తిన తలల్లో మనవే ఎక్కువైనప్పుడు ఆ చట్టం గురించి మాట్లాడాల్సిన పేజీ ఇదే అని నా అభిప్రాయం.

2005లో చేసిన ఆ చట్టంలో ఏముండేదో మగవాళ్ళ వాదనల్లో ఎక్కడా వినపడదు. పల్లెలో ఒక కుటుంబం పని కావాలని అడిగితే 15 రోజుల్లో ఇవ్వాలి. ఏడాదికి 100 రోజులు. ఇవ్వలేకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి. పని ఇంటికి 5 కిలోమీటర్ల లోపల ఉండాలి, అంతకంటే దూరమైతే కూలి మీద 10 శాతం ఎక్కువ. పని దక్కినవాళ్ళలో మూడో వంతుకి తగ్గకుండా ఆడవాళ్ళుండాలి. మగవాడికెంతో ఆడమనిషికీ అంతే కూలి. పనిచోట తాగే నీళ్ళు, నీడ ఉండాలి. ఆరేళ్ళ లోపు పిల్లలు ఐదుగురో అంతకంటే ఎక్కువో వస్తే, వాళ్ళను చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టి ఆ మనిషికీ కూలి కట్టివ్వాలి.

ఈ చివరిమాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పిల్లల్ని చూసుకోవడం కూడా పనేనని, దానికి గడ్డపార పట్టినంత కూలి ఉంటుందని ఈ దేశంలో ఒక చట్టం రాసింది! రోజంతా ఇంట్లో ముగ్గురి పని చేసి, జనాభా లెక్కలవాళ్ళ దగ్గర "ఏమీ చేయను, ఇంట్లోనే ఉంటాను" అని చెప్పుకునే మనలాంటివాళ్ళకు ఇది చిన్న మాటా? అమలు ఎంతమాత్రం జరిగిందనేది వేరే సంగతి. చాలాచోట్ల చెట్టుకు కట్టిన చీర ఊయలే అమలు.

మా అనంతపురం వైపు దీన్ని ఉపాధి హామీ అనరు. "కరువు పని" అంటారు. మాకు పాలు పోసే ఆమె వేసవిలో పాలు తెల్లవారకముందే పోసేసి కరువు పనికి పోయేది. రెడ్డిగారి చేలో శెనక్కాయ పీకడానికి పోయినా కూలే కదా, ఇందులో గొప్పేమిటని ఒకసారి అడిగాను. "ఆడ మొగోళ్ళకొక కూలి, మాకొక కూలి. పైగా ముందురోజు రాత్రే పొయ్యి, రేపు పిలుస్తారా సామీ అని వాకిట్లో నిలబడల్ల. ఈడ పేరు రాపిస్తే ఇయ్యాల్సిందే కదమ్మా" అంది. అర్థశాస్త్రం పుస్తకాల్లో నాలుగు పేజీలు రాసే సంగతి ఆమె వాకిట్లో నిలబడకపోవడం అనే ఒక్కమాటలో చెప్పేసింది.

ఇక పులుసు, ఉప్పు కథకి వద్దాం.

అడిగినవాడికి పని అనే ఆలోచన ఢిల్లీలో పుట్టింది కాదు. మహారాష్ట్రలో 1972 కరువు రోజుల్లో మొదలై, 1977లో చట్టమై, 1979 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. దానికి కావలసిన డబ్బులో కొంత పట్నాల్లో ఉద్యోగాలు చేసేవాళ్ళ దగ్గర వృత్తి పన్నుగా వసూలు చేశారు. పల్లెలో కూలికి పట్నంలో గుమాస్తా పన్ను కట్టడమన్న మాట. ఇవాళ ఎవరైనా అలాంటి పన్ను వేస్తామంటే మన ఇళ్ళలోనే ఎంత గోల జరుగుతుందో ఊహించుకోండి!

2004లో కేంద్రంలో ప్రభుత్వం మారాక దేశమంతటికీ ఇలాంటి చట్టం తెస్తామన్నారు. ఆ డిసెంబరులో పెట్టిన బిల్లు చూస్తే సగం పస్తు. పేద కుటుంబాలకే అన్నారు, ప్రభుత్వం ఎప్పుడనుకుంటే అప్పుడు ఎక్కడైనా ఎత్తేయవచ్చన్నారు. ఖజానా ఖాళీ అయిపోతుందని, డబ్బు మట్టిలో పోసినట్టేనని భయపడినవాళ్ళు పాలకపక్షం చుట్టూ కూడా తక్కువమంది లేరు. బిల్లు పార్లమెంటు స్థాయీ సంఘానికి వెళ్ళింది. ఆ సంఘానికి అధ్యక్షుడు ప్రతిపక్షమైన బీజేపీకి చెందిన కల్యాణ్ సింగ్. ఎదుటి పార్టీ తెచ్చిన బిల్లు కదా, తొక్కిపెడతారనుకుంటాం. తొక్కలేదు సరికదా, పేదలకే అనే గీత చెరిపేయమని ఆ సంఘం చెప్పింది. బయట 2005 వేసవిలో జనం బస్సుల్లో రాష్ట్రాలు తిరిగి ఈ చట్టం కోసం యాత్ర చేశారు. వామపక్షాలు లోపలినుంచి ఒత్తిడి పెట్టాయి. చివరికి 2005 ఆగస్టు 23న లోక్‌సభ ఏకగ్రీవంగా ఆమోదించింది. బిల్లు పెట్టిన నాటినుంచి 8 నెలలు. పెట్టినదానికంటే పొందినది మంచి చట్టం. ప్రతిపక్షం అంటే అడ్డం పడటమే కానక్కర్లేదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

2006 ఫిబ్రవరి 2న మా జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ దీన్ని ప్రారంభించారు. నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. హెలికాప్టరు గురించి మాట్లాడుకున్నంతగా చట్టం గురించి మా హాస్టల్లో ఎవరమూ మాట్లాడుకోలేదు. మొదట 200 జిల్లాలు, 2008 ఏప్రిల్ నుంచి పల్లెలున్న అన్ని జిల్లాలు. మన రాష్ట్రం ఒక మంచి పని చేసింది. ఊరి నడిబొడ్డున మస్టర్లు పైకి చదివి, ఎవరి పేరున ఎంత రాశారో, వాళ్ళ చేతికి ఎంత వచ్చిందో అందరిముందూ అడిగే సామాజిక తనిఖీని పెట్టింది. చచ్చిపోయినవాళ్ళ పేర్లతో కూలి తీసిన ఘనులు, యంత్రాలతో తవ్వించి మనుషుల పేర్లు రాసిన ఘనులు అలాగే బయటపడ్డారు. దొంగతనం జరిగిందా అంటే జరిగింది. బియ్యంలో రాళ్ళుంటే చేట తీసుకుంటాం గానీ బియ్యం వీధిలో పారబోయం కదా!

అయితే చట్టం చేసినవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? 2009 అక్టోబరులో దానికి మహాత్మాగాంధీ పేరు పెట్టారు. అదే ఏడాది జనవరిలో, రాష్ట్రాలు నిర్ణయించే కనీస కూలికీ ఈ కూలికీ ఉన్న ముడి విప్పేశారు. గోడ మీద గాంధీగారి బొమ్మ, కవర్లో తగ్గిన కూలి! ఆ తర్వాత ఏళ్ళలో కొన్ని రాష్ట్రాల్లో ప్రభుత్వమే కనీస వేతనం కంటే తక్కువిచ్చే యజమాని అయింది. పేరు గురించి ఇప్పుడు గుండెలు బాదుకుంటున్నవాళ్ళు అప్పుడు కూలి గురించి ఎంత బాదుకున్నారో గుర్తు చేసుకుంటే మంచిది.

ప్రభుత్వం మారింది. 2015 ఫిబ్రవరిలో ప్రధాని నరేంద్ర మోదీ లోక్‌సభలో, ఈ పథకం కాంగ్రెస్ వైఫల్యాలకు సజీవ స్మారకమని, అందుకే దాన్ని ఆపనని ఎద్దేవా చేశారు. సభలో బల్లలు చరిచారు. నాకు నవ్వు రాలేదు. స్మారకమంటే రాయి. ఇక్కడ ఉన్నది తట్ట మోస్తున్న మనిషి.

ఆ తర్వాత ఐదేళ్ళకే కరోనా వచ్చింది. 2020 వేసవిలో మన రోడ్ల మీద, పిల్లల్ని చంకనేసుకుని పట్నాలనుంచి ఊళ్ళకు నడిచిన వాళ్ళను మనం మరిచిపోలేదు కదా. వాళ్ళు ఊరు చేరాక ప్రభుత్వం చేతికందిన కొమ్మ ఏమిటి? ఎద్దేవా చేసిన ఆ చట్టమే. బడ్జెట్టులో పెట్టిన 61,500 కోట్లు చాలవని మే నెలలో మరో 40,000 కోట్లు ప్రకటించారు. 2020-21లో మొత్తం ఖర్చు 1 లక్షా 11 వేల కోట్ల రూపాయలు దాటింది, 7 కోట్లా 50 లక్షలకు పైగా కుటుంబాలు పని చేశాయి. ఆ ఏడాది ఎవరి వైఫల్యం, ఎవరి విజయం అని ఎవరూ లెక్కలు వేయలేదు. ఆకలి ముందు పార్టీలు కాసేపు నోళ్ళు మూసుకున్నాయి.

కాసేపే! పశ్చిమ బెంగాల్ సంగతి వినండి. అక్కడ అవకతవకలు జరిగాయని 2022 మార్చిలో కేంద్రం మొత్తం నిధులు ఆపేసింది. అవకతవకలు నిజంగా జరిగే ఉంటాయి. కానీ దొంగ ఒక పంచాయతీలో దొరికితే పస్తు రాష్ట్రమంతటికీనా? కేంద్రంలో ఒక పార్టీ, రాష్ట్రంలో ఆ పార్టీకి బద్ధ శత్రువు. వీళ్ళు లెక్క చెప్పలేదంటారు వాళ్ళు, వాళ్ళు కక్ష కట్టారంటారు వీళ్ళు. మట్టి మోసినవాళ్ళ పాత కూలి మాత్రం రెండేళ్ళు నిలిచిపోయింది. చివరకు 2024లో, లోక్‌సభ ఎన్నికల ముందు, రాష్ట్ర ప్రభుత్వమే ఆ బకాయిలు చెల్లించడం మొదలుపెట్టింది. ముహూర్తం గమనించారా! 2025 జూన్‌లో కలకత్తా హైకోర్టు, దొంగల్ని పట్టుకోండి గానీ ఆగస్టు 1 నుంచి పని మొదలుపెట్టండని చెప్పింది. దానిమీద కేంద్రం వేసిన పిటిషన్‌ను అక్టోబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. మూడేళ్ళకు పైగా ఒక రాష్ట్రంలో పల్లె ఆడవాళ్ళు చట్టం ఇచ్చిన పనికి దూరమయ్యారు. వాళ్ళు ఏ పార్టీకి ఓటేశారో ఎవరికి తెలుసు?

బెంగాల్ దాకా ఎందుకు, మన ఊళ్ళే చూడండి. ఎన్నికల ఫలితాలు వచ్చిన వారానికల్లా ఫీల్డ్ అసిస్టెంటు ఉంటాడా, ఊడతాడా అని రచ్చబండ దగ్గర పందాలు కడతారు. పాతాయన వాళ్ళ మనిషి, కొత్తాయన వీళ్ళ మనిషి. జాబ్ కార్డు అదే, గడ్డపార అదే, మట్టీ అదే. పేరు రాసే చెయ్యి మారుతుంది. ఆ చెయ్యికి కోపమొస్తే మన పేరు చివర్న పడుతుంది. ఏ పార్టీ వచ్చినా ఇదే వరస.

ఇక 2025 డిసెంబరు. పాత చట్టం స్థానంలో కొత్తది తెచ్చారు. పేరు పలకడానికి ఊపిరి బిగబట్టాలి - వికసిత్ భారత్ గ్యారంటీ ఫర్ రోజ్‌గార్ అండ్ ఆజీవికా మిషన్ గ్రామీణ్. పొడి అక్షరాలు కలిపితే 'జీ రామ్ జీ' అని వచ్చేలా పేర్చారు. 16న లోక్‌సభలో ప్రవేశపెట్టారు, 18న అక్కడ ఆమోదించారు, ఆ అర్ధరాత్రి దాటాక రాజ్యసభ ఆమోదించింది, 21న రాష్ట్రపతి సంతకం. కమిటీకి పంపండని ప్రతిపక్షం అడిగింది, పంపలేదు. ప్రతిపక్షంవాళ్ళు కాగితాలు చింపి విసిరారు. (ఆ కాగితాలు ఊడ్చింది కూడా ఏ ఆడమనిషో అయ్యుంటుంది.) మొదటి చట్టానికి 8 నెలలు పట్టింది, దాన్ని మార్చడానికి మూడు రోజులు! పెళ్ళిచూపుల్లో పట్టుచీర రంగు తేల్చుకోవడానికే మనం అంతకంటే ఎక్కువ టైము తీసుకుంటాం.

అంత తొందరలో ఏం మారిందో చూడండి. 100 రోజులు 125 అయ్యాయి. వినడానికి ఎంత బాగుంది! కానీ పాత 100 రోజుల్లోనే ఇంటికి సగటున దక్కింది 50 రోజుల చిల్లర. గిన్నెలో అన్నం పెంచకుండా కంచం సైజు పెంచితే కడుపు నిండుతుందా? అన్నం సంగతి ఏమిటంటే, ఇదివరకు నైపుణ్యం అక్కర్లేని పనికి కూలి మొత్తం కేంద్రమే పెట్టుకునేది. కొత్త చట్టంలో చాలా రాష్ట్రాలు ఖర్చులో 40 శాతం మోయాలి. ఏ రాష్ట్రానికి ఏడాదికి ఎంతో కేంద్రం ముందే లెక్క కడుతుంది, అంతకు మించితే రాష్ట్రమే భరించాలి. జీతాల రోజు వచ్చేసరికి అప్పుకోసం చూసే రాష్ట్రాలకు, పని అడిగిన మనిషికి "ఉంది రామ్మా" అనడానికి నోరు వస్తుందా? "అడిగితే ఇయ్యాల్సిందే" అన్న మా పాలామె మాట ఇక్కడే నీరుగారిపోతోందని నా భయం.

పేరు కోసం రోడ్డెక్కినవాళ్ళలో చాలామంది ఈ 40 శాతం దగ్గర గొంతు పెంచి ఉంటే బాగుండేది. గాంధీ పేరు పోయిందని ఏడ్చేవాళ్ళు, రాముడి పేరు వచ్చిందని మురిసేవాళ్ళు - టీవీ నిండా వీళ్ళే. గాంధీ అయినా రాముడైనా శనివారం కూలి పడిందా లేదా అని ముందు అడిగి ఉండేవారనుకుంటాను.

కొత్త చట్టంలో ఇంకో సంగతి ఉంది. విత్తనాలు, కోతలు ముమ్మరంగా ఉండే రోజుల్లో మొత్తం మీద 60 రోజులు ఈ పనులు ఆపవచ్చు. దీనికి మా మామగారు చాలా సంతోషించారు. ఆయనకు నాలుగెకరాలుంది. "కరువు పనులు వచ్చి కూలోళ్ళు దొరకడం మానేశారు, వ్యవసాయం నాశనమైపోయింది" అని ఇరవై ఏళ్ళుగా ఆయన అంటున్నారు. ప్రతి సన్నకారు రైతు ఇంట్లోనూ ఈ మాట ఉంది, దాన్ని నేను తీసిపారేయను. శెనక్కాయ గిట్టుబాటు కాక, ఎరువుల ధరలు పెరిగి, వానలు మోసం చేసి రైతు నలిగిపోతున్న మాట నిజమే. కానీ రైతు నష్టాన్ని కూలీ ఆడమనిషి చౌకదనంతో పూడ్చాలనుకోవడం ఏం న్యాయం? 2024-25లో మన రాష్ట్రంలో ఈ పని కూలి రోజుకు 300 రూపాయలు. చేలో అంతకంటే రెండు పదులు ఎక్కువిస్తే ఆమె చేలోకే వస్తుంది. ఆమెకు మట్టి మీద ఏం మోజు లేదు.

"మామయ్యా, మన చేలో పంట కుంట ఎవరు తవ్వారు?" అని అడిగాను. తవ్వింది వాళ్ళే. మొన్నటి ఎండలకు బోరు ఆగకుండా పోసిందంటే ఆ కుంటలో నిలిచిన నీళ్ళ పుణ్యం కూడా ఉందని ఆయనే పదిమందికి చెబుతారు. "దాని సంగతి వేరేలేమ్మా" అని కండువా దులుపుకుని లేచారు. మా ఇంట్లో వాదన ఇంకా తేలలేదు. ఆయన పాలకపక్షమూ కాదు, నేను ప్రతిపక్షమూ కాదు కాబట్టి మధ్యాహ్నం భోజనానికి అందరం కలిసే కూర్చుంటాం.

మా పాలామె కొత్త చట్టం సంగతి విని, ఏం రాశారో చదివి చెప్పమంది. తెలుగు పేపర్లో వచ్చింది వచ్చినట్టు చదివాను. పేర్ల దగ్గర ఆమె ఏమీ అనలేదు. 125 దగ్గర "ఈమన్రీ సూద్దాం" అంది. 60 రోజులు ఆపే సంగతి రాగానే వేళ్ళు మడుస్తూ ఏదో లెక్క వేసుకుంది.

"సుగ్గిలో మాకు ఎట్లాగూ పని ఉంటాదిలేమ్మా. ఏమీ లేని నెలలు రెండు మూడుంటాయి, ఆ నెలల్లో ఆపకుంటే చాలు. ఏ నెలలో ఆపల్లో ఎవురు రాస్తారు?"

రాష్ట్ర ప్రభుత్వం ముందుగా ప్రకటిస్తుందని చెప్పాను.

"గవర్నమెంటోళ్ళకి మా ఊరి సుగ్గి యాడ తెలుస్తాది? మమ్మల్ని అడుగుతారా, రెడ్డోళ్ళని అడుగుతారా?" అంది క్యాను చంకన పెట్టుకుంటూ.